ఆఫీసు ఇంగ్లీషులో హార్ట్: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తీసేయాలి

టీమ్‌లో ఒకరి తండ్రిగారు పోయారని మెయిల్ వస్తుంది. పావుగంటలో 'రిప్లై ఆల్' వరస మొదలవుతుంది. అందులో ఒక్కటైనా 'హార్టీ కండోలెన్సెస్' అని ఉండకపోతే ఆశ్చర్యమే. రాసినవాళ్లు మంచి మనసుతోనే రాస్తారు. చదివేవాళ్లు మనవాళ్లయితే ఆ మనసునే చూసి సరిపెట్టుకుంటారు. అదే మెయిల్ లండన్‌లో ఉన్న మేనేజర్ చదివితే మాత్రం ఒక్క క్షణం ఆగిపోతాడు. ఇంగ్లీషులో 'హార్టీ' అంటే హుషారు, పుష్కలం, ఉల్లాసం. 'హార్టీ లాఫ్' అంటే పగలబడి నవ్వడం. 'హార్టీ మీల్' అంటే సుష్టుగా భోంచేయడం. ఆ మాట తెచ్చి చావు కబురు పక్కన పెడితే 'మీ నాన్నగారు పోయినందుకు సంబరంగా సానుభూతి' అన్నట్టు ధ్వనిస్తుంది.

తమాషా ఏమిటంటే తెలుగులో ఈ తప్పు మనం చేయం. పుట్టినరోజు ఫ్లెక్సీ మీద 'హృదయపూర్వక శుభాకాంక్షలు' అని వేస్తాం. సంతాప ప్రకటనలో 'ప్రగాఢ సానుభూతి' అంటాం. ఏది ఎక్కడ పెట్టాలో చెవికే తెలుసు, ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంగ్లీషుకూ అలాంటి చెవే ఉంది. మనం 'ప్రగాఢ' అనే చోట వాళ్లు 'హార్ట్‌ఫెల్ట్' అనో 'డీపెస్ట్' అనో అంటారు. 'ప్లీజ్ యాక్సెప్ట్ మై హార్ట్‌ఫెల్ట్ కండోలెన్సెస్' అని రాస్తే ఏ దేశంలోనైనా మర్యాదగా ఉంటుంది. రోజూ పక్క సీట్లో కూర్చునే మనిషికైతే అంత బరువు కూడా అక్కర్లేదు. 'ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్' చాలు. దాని వెంటే 'ఈ వారం రిలీజ్ పని నేను చూసుకుంటాను, మీరు నిశ్చింతగా ఉండండి' అనే అర్థం వచ్చే ఒక్క వాక్యం రాసి చూడండి. పై వాక్యంలో హార్ట్ లేని లోటు ఎవరికీ కనబడదు. 'మై హార్ట్ గోస్ అవుట్ టు యూ' అనేది పెద్ద కష్టానికి అట్టే పెట్టుకోవాల్సిన మాట. వరదల్లో ఇల్లు పోయిందనో, యాక్సిడెంట్‌లో బిడ్డ గాయపడిందనో తెలిసినప్పుడు అది సరిగ్గా అతుకుతుంది. లాప్‌టాప్ పోగొట్టుకున్న కొలీగ్‌కి రాస్తే వెక్కిరింతలా ఉంటుంది.

మెయిల్ బదులు టీమ్స్‌లోనో వాట్సాప్‌లోనో ఆ కబురు వస్తే ఇంకో ఇబ్బంది ఉంది. అలవాటుగా బొటనవేలు గుర్తు నొక్కేస్తారు కొందరు. 'చూశాను' అని చెప్పడమే వాళ్ల ఉద్దేశం. పోయినవాళ్ల ఇంటివాళ్లకు మాత్రం 'బాగుంది' అని మెచ్చుకున్నట్టు కనిపిస్తుంది. హార్ట్ గుర్తు అంతకంటే నయమే, అయినా రెండు ముక్కలు టైప్ చేయడంలో ఉన్న ఆదరణ దానికి లేదు. మామూలు రోజుల్లో హార్ట్ గుర్తు సంగతి వేరే. అందరూ ఉన్న గ్రూపులో ఎవరికో ప్రమోషన్ వస్తే ఎన్ని హార్ట్‌లైనా పెట్టుకోండి. రాత్రి పదకొండింటికి జూనియర్‌కు విడిగా పంపే ఎర్ర హార్ట్‌ను ఆ తీరులో ఎవరూ చదవరు. మాటల్లో 'స్వీట్‌హార్ట్' కూడా అంతే. సినిమాల్లో విన్నాం కదా అని ఆడ సహోద్యోగిని అలా పిలిచే 'చనువు' పనికిరాదు. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ముట్టుకోవడం దగ్గరే ఆగదు, ఆ స్వభావమున్న అవాంఛిత మాటలనూ సైగలనూ కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

శుభాకాంక్షల విషయానికొస్తే 'హార్ట్లీ కంగ్రాచ్యులేషన్స్' అనే మాట ఇంగ్లీషులో లేదు. ఫ్లెక్సీ షాపుల్లో ఉంది. 'హార్టీ కంగ్రాచ్యులేషన్స్' తప్పు కాదు గానీ కాస్త పాతకాలపు వాసన. ఇవాళ ఆఫీసుల్లో 'కంగ్రాచ్యులేషన్స్, వెల్ డిజర్వ్‌డ్' అంటున్నారు. కొత్తగా చేరినవాళ్లకు 'హార్టీ వెల్‌కమ్' కంటే 'ఎ వార్మ్ వెల్‌కమ్' సహజంగా ఉంటుంది.

అసలు ఇంగ్లీషువాళ్లు హార్ట్ అనే ఒక్క మాట నెత్తిన ఇన్ని పనులు ఎలా పెట్టారో కొంచెం తెలిస్తే మిగతావి గుర్తుపెట్టుకోవడం తేలిక. లాటిన్‌లో గుండెను 'కోర్' అంటారు. 'రికార్డ్', 'కరేజ్', పెళ్లి కార్డుల మీద కనిపించే 'కార్డియల్లీ ఇన్వైటెడ్'లోని 'కార్డియల్' అన్నీ ఆ వేరు నుంచి మొలిచినవే. జ్ఞాపకమూ ధైర్యమూ ఆదరణా మూడూ గుండెలోనే ఉంటాయని వాళ్ల పూర్వీకుల నమ్మకం. మనం వీటిని పంచి పెట్టాం. జ్ఞాపకం కంఠానికి వెళ్లింది, అందుకే కంఠస్థం. ధైర్యం గుండెకు వెళ్లింది. ఇష్టం, దయ, నిర్ణయం మనసుకు వెళ్లాయి. ప్రేమ, ఓర్పు కడుపుకు కూడా వెళ్లాయి, ఎదుటివాళ్ల తప్పు కడుపులో పెట్టుకుంటాం కదా. కాబట్టి ఇంగ్లీషులో హార్ట్ కనబడగానే 'గుండె' అని అనువదించుకుంటే సగంసార్లు దారి తప్పుతాం. అది మన గుండెనా, మనసా, కంఠమా అని ముందు తేల్చుకోవాలి.

కంఠం దగ్గరే మొదలుపెడదాం. చిన్నప్పటి నుంచి మనకు 'బైహార్ట్' ఒక తెలుగు క్రియ. 'ఎక్కాలు బైహార్ట్ చేయి', 'మొత్తం బైహార్ట్ చేసేశాడు' అంటాం. ఆ అలవాటుతోనే ఇంటర్వ్యూలో 'ఐ బైహార్టెడ్ ద పాలసీ డాక్యుమెంట్' అని వచ్చేస్తుంది. ఇంగ్లీషులో 'బై హార్ట్' ఒంటరిగా క్రియ కాలేదు, దాని ముందు 'లెర్న్' గానీ 'నో' గానీ ఉండాలి. 'ఐ లెర్న్‌డ్ ఇట్ బై హార్ట్', 'ఐ నో ఇట్ బై హార్ట్' అనాలి. వ్యాకరణం సరిచేసుకున్నా ఇంకో చిక్కు మిగిలే ఉంది. మీ ప్రొడక్ట్ గురించి మీకెంత తెలుసు అని అడిగితే 'బై హార్ట్' అని జవాబివ్వడం అంత మంచిది కాదు. అప్పజెప్పగలను అన్నట్టు ఉంటుంది, అర్థం చేసుకున్నాను అన్నట్టు ఉండదు. అక్కడ 'ఐ నో ఇట్ ఇన్‌సైడ్ అవుట్' అనండి. లోపలా బయటా ఆనుపానులన్నీ తెలుసని దానర్థం. పరవాడ ఫార్మా సిటీలో ఏదో యూనిట్‌లో సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగానికి వెళ్లారనుకోండి, అక్కడ మాత్రం 'ఐ నో ద ఎవాక్యుయేషన్ స్టెప్స్ బై హార్ట్' అంటే భేషుగ్గా ఉంటుంది. అలారం మోగినప్పుడు కాగితం తిరగేసే టైమ్ ఉండదు కాబట్టి నోటికి రావడమే అక్కడి అర్హత.

ఎక్కువమంది బోల్తాపడేది అప్రైజల్ గదిలో. మేనేజర్లు చెప్పదలచుకున్న చేదును హార్ట్ అనే తేనెలో ముంచి ఇస్తారు. ఒక కుర్రాడు తన సీనియర్‌ని అడిగిన ప్రశ్న ఇది:

"అన్నా, మీటింగ్‌లో మేనేజర్ నా గురించి 'హిజ్ హార్ట్ ఈజ్ ఇన్ ద రైట్ ప్లేస్' అన్నాడు. మెచ్చుకున్నట్టే కదా?"

"తర్వాత ఏమన్నాడు?"

"'బట్' అని ఏదో అన్నాడు. డెడ్‌లైన్ల గురించి."

"అయితే మెచ్చుకోలు కాదు రా. 'పిల్లాడు మంచోడే, పనే...' అన్నాడు."

సీనియర్ చెప్పింది నిజం. ఉద్దేశం మంచిదే, ఫలితం మాత్రం రాలేదు అని చెప్పడానికే ఈ మాట ఎక్కువగా వాడతారు. ఆ 'బట్' బయటికి అనకపోయినా లోపల ఉన్నట్టే లెక్క. ఇది విన్నప్పుడు 'థ్యాంక్యూ సర్' అని ఊరుకోకుండా 'ఏం మార్చుకోమంటారు' అని అడగాలి. 'ఐ హ్యావ్ యువర్ బెస్ట్ ఇంటరెస్ట్స్ ఎట్ హార్ట్' అని ఎవరైనా మొదలుపెడితే ఇంకాస్త జాగ్రత్త. మన ఇళ్లల్లో 'నీ మంచి కోరే చెబుతున్నా' అన్నాక ఎలాంటి మాటలు వస్తాయో అందరికీ తెలుసు. ఇంగ్లీషులోనూ ఆ వరసే. టీమ్ మార్పో, ప్రమోషన్ వాయిదానో వెనకాల ఉండొచ్చు.

'హిజ్ హార్ట్ ఈజ్ నాట్ ఇన్ ఇట్' అనేది వీటన్నిటికంటే గట్టి దెబ్బ. మనసు పెట్టి చేయట్లేదు అని. పని రాకపోతే నేర్పించవచ్చు, మనసే లేకపోతే ఎవరేం చేస్తారు అనే ధోరణి అందులో ఉంటుంది. రాతపూర్వకమైన రివ్యూలో ఇది కనబడితే తేలిగ్గా తీసుకోకండి. దీనికి తమ్ముడి వరస 'హాఫ్-హార్టెడ్'. 'ఎ హాఫ్-హార్టెడ్ ఎటెంప్ట్' అంటే మొక్కుబడిగా చేసిన పని. నచ్చని ఉద్యోగంలో ఉన్నవాళ్లు తమ గురించి తాము చెప్పుకోవడానికి కూడా ఇది పనికొస్తుంది. నమ్మకమైన పెద్దమనిషి దగ్గర 'ఐ యామ్ గుడ్ ఎట్ టెస్టింగ్, బట్ మై హార్ట్ ఈజ్ ఇన్ డిజైన్' అని చెప్పుకుంటే ఫిర్యాదులా ఉండదు, కోరికలా ఉంటుంది. అదే మాట కొత్త కంపెనీ ఇంటర్వ్యూలో టెస్టింగ్ పోస్టు కోసం కూర్చుని అంటే ఆ పోస్టు వచ్చే ఆశ వదులుకోవచ్చు.

ఇక 'టేక్' సంగతి. ఇక్కడ ఒక్క చిన్న మాట తేడాతో అర్థం ఎటో వెళ్లిపోతుంది. 'టేక్ హార్ట్' అంటే ధైర్యం తెచ్చుకో. రిజల్ట్ బాగాలేని త్రైమాసికం తర్వాత డైరెక్టర్ 'వుయ్ షుడ్ టేక్ హార్ట్ ఫ్రమ్ ద న్యూ ఆర్డర్స్' అంటే కొత్త ఆర్డర్లు చూసి గుండె నిబ్బరం చేసుకుందాం అని. మధ్యలో 'టు' పడితే 'టేక్ ఇట్ టు హార్ట్'. అప్పుడది మనసుకు సంబంధించిన మాట. అదీ రెండు రకాలుగా పనిచేస్తుంది. 'డోంట్ టేక్ ఇట్ టు హార్ట్' అంటే మనసులో పెట్టుకుని బాధపడకు. 'ఐ టుక్ యువర్ ఫీడ్‌బ్యాక్ టు హార్ట్' అంటే మీరు చెప్పింది మనసుకు పట్టించుకుని నడుచుకున్నాను. ఈ రెండో వాక్యం అప్రైజల్‌లో చాలా పనికొస్తుంది, వెనకాల ఒక రుజువు ఉంటేనే సుమా. 'పోయిన రివ్యూలో స్టేటస్ రిపోర్ట్‌లు ఆలస్యమవుతున్నాయి అన్నారు, దాన్ని టు హార్ట్ తీసుకున్నాను, ఈ మూడు నెలల్లో ఒక్కటీ ఆలస్యం కాలేదు' అన్న పద్ధతిలో చెప్పాలి. రుజువు లేకుండా అంటే ఊకదంపుడు.

'లూజ్' కూడా ఇలాంటిదే. 'లూజ్ హార్ట్' అంటే నీరసపడిపోవడం, ధైర్యం కోల్పోవడం. 'లూజ్ వన్స్ హార్ట్ టు' అంటే ఎవరికో మనసిచ్చేయడం. క్లయింట్ కోపంగా ఉన్నాడని టీమ్‌ని ఊరడిస్తూ 'డోంట్ లూజ్ హార్ట్' అనబోయి 'డోంట్ లూజ్ యువర్ హార్ట్ టు ద క్లయింట్' అంటే నవ్వులే నవ్వులు. ధైర్యం పోవడం గురించి మాట్లాడేటప్పుడు హార్ట్ ముందు 'మై', 'యువర్', 'హిజ్' ఏవీ పెట్టకుండా వదిలేయండి.

భయానికి మన దగ్గర గుండె జారిపోవడం, గుండె గుభేలుమనడం ఉన్నాయి. అందుకే 'మై హార్ట్ శాంక్' అనేది భయం అనుకుంటారు మనవాళ్లు. గుండె కిందికి జారింది కదా, సరిపోయిందనుకుంటారు. సరిపోలేదు. 'హార్ట్ శాంక్' ముఖ్యంగా నిరాశను చెప్పే మాట. మనం ఉసూరుమన్నాం, నీరుగారిపోయాం అంటామే, అది. శుక్రవారం సాయంత్రం ఆరింటికి 'అర్జెంట్' అని మెయిల్ సబ్జెక్ట్ చూడగానే 'మై హార్ట్ శాంక్' అనొచ్చు. లైవ్ డేటాబేస్ మీద కమాండ్ కొట్టి స్క్రీన్ కదలకపోతే మాత్రం 'మై హార్ట్ వాజ్ ఇన్ మై మౌత్'. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను అని మనం అనే చోట వాళ్ల గుండె నోట్లోకి వస్తుంది. 'మై హార్ట్ స్కిప్డ్ ఎ బీట్' భయానికీ సంతోషానికీ రెంటికీ నడుస్తుంది. ఇవన్నీ టీ తాగుతూ చెప్పుకునే కబుర్లలో బాగుంటాయి. సర్వర్ పడిపోయిన సంఘటన మీద రాసే రిపోర్ట్‌లో ఏ గుండే వద్దు, ఎన్ని గంటలకు పడింది, ఎన్నింటికి లేచింది అన్నదే రాయండి.

మనసొప్పకపోవడాన్ని చెప్పడానికి ఇంగ్లీషులో ఒక చక్కని మాట ఉంది, మనవాళ్లు ఎందుకో వాడరు. 'ఐ డిడ్ నాట్ హ్యావ్ ద హార్ట్ టు టెల్ హర్'. ఆమెకు చెప్పడానికి నాకు మనసు రాలేదు. ఇది దాదాపు ఎప్పుడూ 'లేదు'తోనే వస్తుంది. ఇందులోంచి 'ద' తీసి 'ఎ' పెడితే 'హ్యావ్ ఎ హార్ట్', అంటే కాస్త కనికరించండి. సమాన హోదాలో ఉన్న స్నేహితుడితో నవ్వుతూ అనొచ్చు. సెలవు ఇవ్వని బాస్‌కు మెయిల్‌లో రాస్తే 'నీకు హృదయం లేదా' అని నిలదీసినట్టు ఉంటుంది.

'చేంజ్ ఆఫ్ హార్ట్' కూడా జాగ్రత్తగా వాడాల్సినదే. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టి, చేరే వారం ముందు 'ఐ హ్యాడ్ ఎ చేంజ్ ఆఫ్ హార్ట్' అని హెచ్‌ఆర్‌కు రాస్తున్నవాళ్లున్నారు. మాట తప్పు కాదు. మనసు మారింది అంటే అటువైపు వాళ్లకు 'ఊరికే బుద్ధి పుట్టింది, మానేశాడు' అని వినిపిస్తుంది. 'ఆఫ్టర్ కేర్‌ఫుల్ థాట్, ఐ హ్యావ్ డిసైడెడ్ నాట్ టు యాక్సెప్ట్' అంటే ఆలోచించి తీసుకున్న నిర్ణయంలా ఉంటుంది. క్షమాపణ ఎలాగూ చెప్పాలి, కనీసం తలుపు పూర్తిగా మూసుకోదు. ఇతరుల గురించి చెప్పేటప్పుడు, 'ద క్లయింట్ హ్యాడ్ ఎ చేంజ్ ఆఫ్ హార్ట్' అనడంలో ఏ ఇబ్బందీ లేదు. మూడుసార్లు రంగు మార్పించిన క్లయింట్ గురించి అంతకంటే మర్యాదగా చెప్పడం కష్టం కూడా.

ఆఖరి రోజు మెయిల్స్‌లో హార్ట్ పొంగి పొర్లుతుంది. 'విత్ ఎ హెవీ హార్ట్' అని మొదలై 'ఫ్రమ్ ద బాటమ్ ఆఫ్ మై హార్ట్' అని ముగుస్తుంది. బరువెక్కిన గుండె చావుకూ, ఫ్యాక్టరీ మూతకూ, మనుషులను తీసేయాల్సి రావడానికీ సంబంధించిన మాట. ఎక్కువ జీతం ఇచ్చే చోటికి వెళుతూ అది రాస్తే మిగిలినవాళ్లు ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు. 'టుడే ఈజ్ మై లాస్ట్ డే' అని మొదలుపెట్టి, ఇద్దరు ముగ్గురికి ఎందుకు కృతజ్ఞతో పేరు పెట్టి చెబితే అదే గుర్తుంటుంది. గుండె లోతుల్లోంచి వచ్చే 'బాటమ్ ఆఫ్ మై హార్ట్' కూడా రెండు రోజుల సెలవు మంజూరు చేసినందుకు వాడేసుకోకండి. ఉద్యోగం పోయే పరిస్థితిలో అడ్డు నిలబడినవాళ్ల కోసం దాచుకోండి.

మీటింగుల్లో ధీమాగా వాడుకోదగ్గవి కేంద్రానికి సంబంధించినవి. 'లెట్స్ గెట్ టు ద హార్ట్ ఆఫ్ ద మేటర్' అంటే అసలు సంగతికొద్దాం. గ్రాహం గ్రీన్ 1948 నవల పేరు కూడా ఇదే, 'ద హార్ట్ ఆఫ్ ద మేటర్'. ఇందులో భావోద్వేగం ఏమీ లేదు కాబట్టి క్లయింట్ ముందైనా, ప్రజెంటేషన్‌లోనైనా నిస్సంకోచంగా వాడొచ్చు. 'ఎట్ ద హార్ట్ ఆఫ్ దిస్ డిలే ఈజ్ ఎ సప్లై ప్రాబ్లమ్' అంటే ఈ ఆలస్యానికి మూలం సరుకు రాకపోవడమే. ఇందులోంచి 'ద', 'ఆఫ్' తీసేసి వట్టి 'ఎట్ హార్ట్' అంటే మళ్లీ మనిషి స్వభావం. 'ఐ యామ్ ఎ టీచర్ ఎట్ హార్ట్', ఉద్యోగం ఏదైనా లోపల నేను మాస్టార్నే. లింక్డిన్‌లో ఈ వాక్యానికి మంచి గిరాకీ. 'ఇన్ ద హార్ట్ ఆఫ్ ద సిటీ'ని మాత్రం ప్లాట్లమ్మే బ్రోచర్లకు వదిలేయడం మంచిది. వాళ్ల లెక్కలో అవుటర్ రింగ్ రోడ్డు దాటాక కూడా సిటీకి గుండె ఉంటుంది.

'హార్ట్-టు-హార్ట్' అంటే మనసు విప్పి మాట్లాడుకోవడం. 'వుయ్ హ్యాడ్ ఎ హార్ట్-టు-హార్ట్' అంటే చాలు, వెనక 'టాక్' అని పెట్టినా పెట్టకపోయినా పరవాలేదు. 'నో హార్ట్ ఫీలింగ్స్' అని రాస్తుంటారు, అది 'హార్డ్'. మనసులో ఏమీ పెట్టుకోవద్దు అని. 'హర్ట్' అయ్యామని మనం తెలుగులోనే రోజూ అంటుంటాం కాబట్టి ఫోన్‌లో మాట్లాడేటప్పుడు 'హార్ట్'లో దీర్ఘం పలికేలా చూసుకోవాలి.

'వేర్ యువర్ హార్ట్ ఆన్ యువర్ స్లీవ్' అనే మాట షేక్‌స్పియర్ 'ఒథెల్లో' నాటకంతో ప్రసిద్ధికెక్కింది. లోపలున్నదంతా చొక్కా చేతికి కట్టుకుని తిరిగినట్టు బయటపెట్టేవాళ్ల గురించి ఇది. ఆ నాటకంలో ఈ మాట అనేది ఇయాగో, పైకి ఒకటి లోపల ఒకటిగా ఉండే కుట్రదారు. తాను అలా బయటపడనని చెప్పుకోవడానికే అంటాడు. ఆఫీసులో ఎవరైనా మిమ్మల్ని ఈ మాటతో వర్ణిస్తే అది పూర్తిగా తిట్టూ కాదు, పూర్తిగా పొగడ్తా కాదు. ముఖంలో అన్నీ తెలిసిపోతున్నాయి, బేరాలాడే మీటింగ్‌కి పంపేముందు ఆలోచిస్తాం అని అందులో ఒక సూచన ఉండొచ్చు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట ఎదురవుతుంది. డాలస్, అట్లాంటా ప్రాంతాల్లో మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ దక్షిణ రాష్ట్రాల్లో 'బ్లెస్ యువర్ హార్ట్' అనడం మామూలు. ఒళ్లు బాగాలేదంటే నిజంగానే జాలితో అంటారు. మీరు మీటింగ్‌లో తెలివితక్కువ ప్రశ్న వేసినప్పుడు కూడా అదే మాట, అంతే తియ్యగా అంటారు. అప్పుడు దానర్థం 'పాపం, అమాయకుడు'. గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి పోల్చుకోవాల్సిందే. మీరు మాత్రం అది నేర్చుకుని ఎవరిమీదా ప్రయోగించకండి, బయటివాళ్ల నోట ఆ తియ్యదనం పలకదు. అలాగే 'బ్లీడింగ్ హార్ట్' అనేది జాలిగుండె అని పొగడ్తగా వాడొద్దు. అక్కడ అది ప్రత్యర్థి పార్టీవాళ్లను దెప్పే రాజకీయపు మాట.

'హార్ట్స్ అండ్ మైండ్స్' ఈమధ్య మార్పుల గురించి మాట్లాడే కన్సల్టెంట్ల నోట తెగ వినిపిస్తోంది. కొత్త సాఫ్ట్‌వేర్ తెస్తున్నాం, ఉద్యోగుల 'హార్ట్స్ అండ్ మైండ్స్' గెలవాలి అంటారు. ఈ మాటకు యుద్ధపు చరిత్ర ఉంది. 1950లలో మలయాలో తిరుగుబాటును అణచడానికి వెళ్లిన బ్రిటిష్ అధికారి జెరాల్డ్ టెంప్లర్ పేరుతో, ఆ తర్వాత వియత్నాంలో అమెరికా పేరుతో ముడిపడింది. వియత్నాం యుద్ధం మీద 1974లో వచ్చిన డాక్యుమెంటరీ పేరు కూడా అదే. చదువుకున్న శ్రోతకు ఆ నీడ గుర్తొస్తుంది. హాజరు వేసే కొత్త యాప్ కోసం అంత పెద్ద మాట నాకైతే ఎబ్బెట్టుగా ఉంటుంది.

చివరిగా, గుండె నిజంగా గుండే అయిన సందర్భం. ఇంట్లో పెద్దాయనకు బాగాలేదని సెలవు మెయిల్ రాయాలి, కంగారులో చేతులు ఆడవు. అప్పుడు దొర్లే తప్పులు పలుకుబళ్లలో తప్పుల్లాంటివి కావు, ఇన్సూరెన్స్ కాగితాల దాకా వెళతాయి. మనం మాటల్లో 'హార్ట్ స్ట్రోక్' అంటుంటాం. ఇంగ్లీషులో స్ట్రోక్ అంటే పక్షవాతం తెచ్చేది, మెదడుకు సంబంధించింది. గుండె రక్తనాళం పూడుకుపోతే అది 'హార్ట్ ఎటాక్'. గుండె కొట్టుకోవడమే ఆగిపోతే 'కార్డియాక్ అరెస్ట్'. గుండె రక్తాన్ని తోసే బలం తగ్గి, నెలల తరబడి మందులతో నెట్టుకొచ్చే స్థితి 'హార్ట్ ఫెయిల్యూర్'. పేరులో ఫెయిల్ ఉందని గుండె ఆగిపోయినట్టు కాదు. మే నెలలో మన దగ్గర వడదెబ్బలు ఎక్కువ. దాని పేరు 'హీట్ స్ట్రోక్'. ఇంగ్లీషు స్పెల్లింగులో హీట్‌కీ హార్ట్‌కీ మధ్య ఒకే ఒక్క 'ఆర్' అక్షరం తేడా. ఆ అక్షరం ఎక్కువ పడితే వడదెబ్బ తగిలిన మేనమామకు ఆఫీసంతా ఫోన్లు చేసి స్పెషలిస్టుల పేర్లు చెబుతుంది.

'హార్ట్‌బర్న్' ఇంకో గందరగోళం. అది గుండెజబ్బు కాదు, కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం వల్ల ఛాతీలో పుట్టే మంట. మన ఇంగ్లీషు పేపర్లలో టికెట్ రాని నాయకుల కడుపుమంటకు కూడా ఇదే మాట రాస్తారు. బయటి దేశాల్లో ఆ అర్థం అంతగా తెలియదు, 'ద ప్రమోషన్స్ కాజ్డ్ హార్ట్‌బర్న్' అని రాస్తే మాత్రలు పంపిస్తామంటారు. అయితే ఛాతీలో మంట వచ్చినప్పుడు అది గ్యాస్ అని ఆఫీసులోనే తేల్చేసుకోకండి. నొప్పి చేతికో దవడకో పాకుతున్నా, చెమటలు పడుతున్నా 108కి ఫోన్ చేయడమే పని.

రక్తనాళంలో వేసే చిన్న గొట్టాన్ని మనవాళ్లు 'స్టంట్' అంటారు. స్టంట్ అంటే సినిమాల్లో ఫైట్ మాస్టర్ చేయించేది. దీని పేరు 'స్టెంట్'. 'మై ఫాదర్ హ్యాడ్ ఎ స్టంట్ లాస్ట్ నైట్' అని రాసిన మెయిల్ చదివి నవ్వు ఆపుకోలేక, ఆపుకోవాలని తెలిసీ అవస్థపడతారు అటువైపువాళ్లు. కంగారులో ఉన్నప్పుడు సొంత ఇంగ్లీషు మీద ఆధారపడకుండా, ఆసుపత్రివాళ్లు ఇచ్చిన కాగితాల్లో 'డయాగ్నోసిస్' అన్న పదం పక్కన ఏముందో అక్షరం పొల్లుపోకుండా మెయిల్‌లోకి ఎక్కించండి. క్లెయిమ్ ఫారంలో కూడా అదే రాయండి. రెండు కాగితాల్లో రెండు పేర్లు కనబడితే క్లెయిమ్ చూసేవాళ్లు ముందు వివరణ అడుగుతారు, డబ్బు సంగతి ఆ తర్వాతే.